చైర్మన్ గారి చేతి బోణీ

దక్కన్ నేత విక్రయ సంస్థ చైర్మన్ శ్రీ నరహరి గారు జనవరి ఆరో తేదీన చౌటుప్పల్ షోరూం మెట్ల మీద నిలబడి, ఇకపై చేనేత చీర అమ్ముడుపోకపోవడమనే సమస్య ఉండదని ప్రకటించారు. సమస్య ఎక్కడుందో తాను కనిపెట్టానన్నారు. అది చీరలో లేదు, ధరలో లేదు, అమ్మేవాళ్ల మనసులో ఉంది. మైకు రెండుసార్లు కీచుమంది. మనసు గురించి మాట్లాడే చైర్మన్ మాకు అంతకు ముందు దొరకలేదు కాబట్టి అందరం చప్పట్లు కొట్టాం.

నాది ఆ షోరూం పక్క మడిగె. జిరాక్సు, డీటీపీ, ల్యామినేషన్ చేస్తాను. షోరూంలో కంప్యూటర్ ఉంది గాని ప్రింటర్ లేదు. మూడేళ్ల కిందట రిపేరుకని హైదరాబాద్ వెళ్లిన ప్రింటర్ అక్కడే స్థిరపడింది. అందువల్ల సంస్థ ఆర్డర్లు, మెమోలు, సర్క్యులర్లు అన్నీ నా చేతుల మీదుగానే లోకంలోకి వస్తాయి. ఇంత దగ్గర నుంచి పరిపాలనను చూసే భాగ్యం జిల్లాలో చాలా తక్కువ మందికి ఉంటుంది.

షోరూంలో ఉద్యోగులు ఇద్దరు. వెంకన్న, రాజమణి. వెంకన్న కొత్తవాడు, నాలుగేళ్లే. రాజమణిది పదమూడేళ్ల సర్వీసు. ఇద్దరూ కాంట్రాక్టే. ఏటా మార్చి ముప్పై ఒకటిన వాళ్ల ఉద్యోగం చచ్చి, ఏప్రిల్ ఒకటిన మళ్లీ పుడుతుంది. రాజమణి భర్త ధర్మయ్య ఇంట్లో మగ్గం నేస్తాడు. కూతురు హారిక నల్లగొండలో డిగ్రీ రెండో సంవత్సరం. మగ్గం మీద వచ్చేది నూలుకూ రంగుకూ సరిపోతుంది. పిల్ల చదువు, ఇల్లు, మందులు అన్నీ రాజమణి జీతం మీదే. ఈసారి అమ్మకాలు పెరగకపోతే ఏప్రిల్‌లో పునర్జన్మ లేదని డిసెంబర్‌లోనే సర్క్యులర్ వచ్చింది. దాన్ని కూడా నేనే కొట్టిచ్చాను. రెండు అక్షర దోషాలుంటే సరిదిద్దాను.

చైర్మన్ గారు వెంట ఒక మోటివేషన్ కన్సల్టెంట్‌ను తెచ్చారు. పేరు శ్రవణ్‌కుమార్. నల్ల కోటు, పల్చటి ల్యాప్‌టాప్. రిటైల్ ఉద్యోగి పనితీరు మీద పని వాతావరణం, ప్రేరణ ఎలా ప్రభావం చూపుతాయో అధ్యయనం చేయడానికి వచ్చానన్నాడు. అప్పుడు షోరూంలో ఉన్న నాలుగు ట్యూబ్‌లైట్లలో ఒకటి వెలుగుతోంది, ఒకటి ప్రయత్నిస్తోంది. ఫ్యాను కొక్కెం ఉంది, ఫ్యాను లేదు. ఉన్న రెండు స్టూళ్లూ కాళ్లు విరిగి అటక మీద ఉన్నాయి. బాత్రూం తాళం చెవి ఆడిట్ సమయంలో హెడ్డాఫీసుకు వెళ్లింది.

"మేడమ్, ఓపెన్‌గా చెప్పండి. మీ వర్క్ ఎన్విరాన్‌మెంట్‌లో మీకు ఏం కావాలి?" అని అడిగాడు శ్రవణ్‌కుమార్.

"ఒక ఫ్యాను సార్. కూసుండేతందుకు రెండు స్టూళ్లు. పొద్దుగాల పదింటికెల్లి రాత్రి దాక నిలవడితే కాళ్లు ఉబ్బుతున్నయి. ఇంగ బాత్రూం తాళం చెవి సార్."

ఆయన చాలాసేపు టైపు చేశాడు. మూడో రోజు నా దగ్గరికి ప్రింటుకు వచ్చిన నివేదికలో ఆ మాటలన్నీ కలిపి ఒక్క వాక్యం అయ్యాయి. 'ఉద్యోగులు ఇంకా భౌతిక అవసరాల స్థాయిలోనే ఆగిపోయి ఉన్నారు.' చదివి నాకే జాలేసింది.

ఇక పరిష్కారం. అది చైర్మన్ గారి సొంత ఆలోచన. ఆయన చెయ్యి మంచిది. ఈ సంగతి పార్టీలో అందరికీ తెలుసు. మండల స్థాయి కార్యకర్తగా ఉన్న రోజుల్లో ఒక బహిరంగ సభ దగ్గర మిర్చి బజ్జీల బండికి ఆయన బోణీ చేస్తే సాయంత్రానికి మూకుడు అడుగు కనిపించిందట. ఆ రోజు ముఖ్య అతిథి నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చాడని, జనం ఆకలితో ఉన్నారని కొందరు గిట్టనివాళ్లు గుర్తు చేస్తుంటారు. గిట్టనివాళ్లు ఎప్పుడూ ఉంటారు.

నేను కొట్టిన ఆర్డర్ ఇది: 'ఉద్యోగులలో ప్రేరణ నింపుటకై, షోరూం ప్రాంగణంలో ప్రతిదినం మొదటి అమ్మకం గౌరవ చైర్మన్ గారి శుభహస్తముల మీదుగా జరగవలెను. అంతకు పూర్వము ప్రాంగణంలో ఎట్టి అమ్మకమూ జరుపరాదు.' ఎవరైనా మరిచిపోయి అమ్మేస్తారేమోనని కన్సల్టెంట్ బిల్లుల కంప్యూటర్‌లో కూడా మార్పు చేయించాడు. రోజూ మొదటి బిల్లు కొట్టాలంటే చైర్మన్ గారి ఫోనుకు ఓటీపీ వెళ్తుంది. ఆయన చెబితేనే పెట్టె తెరుచుకుంటుంది.

మొదటి రోజు నరహరి గారు పదకొండు వాహనాలతో వచ్చి ఒక చేతిరుమాలు కొన్నారు. డప్పులు మోగాయి. నోటు కళ్లకద్దుకుని రాజమణి చేతిలో పెడుతుంటే ఫోటోగ్రాఫర్ సరిగ్గా పడలేదన్నాడు, మళ్లీ పెట్టారు. లోపల ఇరవై మంది నిండేసరికి ఆయనకు చెమటలు పట్టి ఆ రుమాలుతోనే మొహం తుడుచుకున్నారు.

"చూసిండ్రా, నేను అడుగు వెట్టంగనే ఎంత వేడి పుట్టిందో! ఇదే పాజిటివ్ ఎనర్జీ," అన్నారు.

"ఫ్యాను లేదు సార్," అంది రాజమణి.

"ఉండకూడదమ్మా. ఉంటె గీ ఎనర్జీ చెదిరిపోతది."

రెండో రోజు ఆయన పన్నెండున్నరకు వచ్చారు. మూడో రోజు మూడింటికి. నాలుగో రోజు వీడియో కాల్‌లో బోణీ చేశారు. వెంకన్న రుమాలును ఫోనుకు చూపించాడు, ఆయన అటు నుంచి చెయ్యి చాపారు, ఇటు నుంచి వెంకన్న కూడా చాపాడు. సాంకేతికత ఇంత పెరిగినా కొన్ని దూరాలు మిగిలే ఉన్నాయి. ఐదో రోజు నుంచి ఉత్త ఓటీపీ మాత్రమే.

చైర్మన్ గారికి పనులుంటాయి. ఆయన ఒక్క షోరూంకు చైర్మన్ కాదు. ఒకసారి పదకొండింటికి వెంకన్న ఫోన్ చేస్తే పీఏ నవీన్‌కుమార్ ఎత్తాడు. వెంకన్న స్పీకర్ పెట్టాడు కాబట్టి నేను కూడా విన్నాను.

"సార్, ఓటీపీ వచ్చి ఉంటది. జర చెప్పుండ్రి."

"సార్ మీటింగుల ఉన్నడు."

"మీటింగు ఎప్పుడు అయిపోతది సార్?"

"ఇంకా షురువే గాలె. మందిని తోలుకొస్తున్నరు."

"ఫోను ఎవరి కాడ ఉన్నది సార్?"

"నా చేతులనే ఉన్నది గదా, మాట్లాడ్త లేనా?"

"అయితే మీరే చూసి చెప్పుండ్రి."

"నేను జెప్తె నా బోణి అయితది. నా చెయ్యి మంచిది కాదని మొన్న సారే అన్నడు," అని నవీన్‌కుమార్ ఫోన్ పెట్టేశాడు. ఇంత నిజాయితీ గల పీఏను నేను చూడలేదు.

అదే రోజు పంతంగి నుంచి నర్సింగమ్మ అనే ఆమె మనవరాలి ఫంక్షనుకు చీర కొనడానికి వచ్చింది. పది నిమిషాల్లో చీర నచ్చింది. నెమలి కంఠం రంగు, ఎర్ర అంచు. ఆ చీర నేసింది ఎవరో కాదు, రాజమణి భర్త ధర్మయ్యే. పైసలు కొంగుముడిలోంచి తీసి గల్లా మీద పెట్టింది. రాజమణి ఆ పైసలను మళ్లీ ఆమె చేతిలోనే పెట్టింది.

"ఇంకా బోణి కాలేదమ్మా."

"నేను జేస్తున్న గదా బోణి! నా చెయ్యి కూడ మంచిదే బిడ్డా. నేను ముట్టుకున్న గుమ్మడి పాదు కాయక పోలె."

"మీది కాదమ్మా. మా చైర్మన్ సారు చెయ్యాలె."

"యాడున్నడు ఆయన?"

"మీటింగుల."

నర్సింగమ్మ రెండు గంటలు నేల మీద కూర్చుంది. చివరకు లేచి, "బిడ్డా, పైసలు నాయి. చీర మీది. నడుమ గీ చైర్మన్ ఎవడు?" అని అడిగింది. పాపం, ఆమెకు సంస్థ నిర్మాణం గురించి అవగాహన లేదు. చెప్పులేసుకుని రోడ్డు దాటి బస్టాపులోకి వెళ్లి కూర్చుంది.

రాజమణి ఆ చీర చేతిలో పట్టుకుని వాకిట్లోంచి బస్టాపు వైపు చూసింది. తర్వాత నా మడిగెలోకి వచ్చింది.

"అన్నా, గా ఆర్డర్ల ఏమని కొట్టినవ్? జర సదువు."

చదివాను.

"ప్రాంగణం అంటే?"

"షోరూం గోడల లోపట."

"బస్టాపు గోడల లోపట ఉన్నదా?"

"లేదు."

మరుక్షణం ఆమె రోడ్డు మధ్యలో ఉంది. రెండు లారీలు హారన్ కొట్టాయి. నేను చూస్తుండగానే బస్టాపు బెంచీ మీద ధర్మయ్య చీర నర్సింగమ్మ ఒడిలోకి చేరింది. రాజమణి చీటీ రాసిచ్చి, పైసలు రుమాలులో కట్టుకుని వచ్చింది. సాయంత్రం ఐదున్నరకు చైర్మన్ గారు నిద్ర లేచి ఓటీపీ చెప్పాక, కంప్యూటర్‌లో బిల్లు కొట్టింది. ఆర్డర్‌లో ఒక్క అక్షరం కూడా ఉల్లంఘన కాలేదు. డ్రాఫ్టు పకడ్బందీగా ఉంటే ఎంత మేలో చూడండి.

మర్నాటి నుంచి రాజమణి, వెంకన్న ఇద్దరూ పొద్దున షోరూం తెరిచి, అగరుబత్తి వెలిగించి, చీరల మూటలు నెత్తిన పెట్టుకుని బస్టాపుకు పోసాగారు. సాయంత్రం ఓటీపీ వచ్చాక తిరిగొచ్చి ఆనాటి చీటీలన్నిటికీ ఒకేసారి బిల్లులు కొట్టేవారు. అక్కడ సిమెంటు బెంచీ ఉంది. హైవే మీది గాలి ఆగకుండా వీస్తుంది. పక్కనే డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం వేయరు. మధ్యాహ్నం రెండింటికి మందుల కంపెనీల షిఫ్టు బస్సులు ఆగుతాయి. ఒక్కో బస్సులోంచి ముప్పై నలభై మంది ఆడవాళ్లు దిగుతారు. వాళ్లు ఇన్నేళ్లు రోడ్డుకు ఇటువైపు అద్దాల తలుపు చూసి, మనకెందుకులే అనుకుని ఊళ్లకు పోయినవాళ్లు. బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చుని రాజమణి ఒక్కో మడత విప్పుతుంటే వాళ్లకు బస్సు పోయిన సంగతి కూడా తెలిసేది కాదు.

"అక్కా, రంగు పోతదా?"

"పోతే తెచ్చి నా మొకాన కొట్టు. నా పెనిమిటే నేసిండు, ఇల్లు గిక్కడనే."

పక్క ఊరు కొయ్యలగూడెంలో నేసిన దుప్పట్లు మూడు వారాల్లో అయిపోయాయి. పదమూడేళ్లలో రాజమణి గట్టిగా నవ్వడం నేను మొదటిసారి విన్నాను, అదీ రోడ్డుకు ఇవతల నుంచి. కాళ్ల ఉబ్బు తగ్గిందని ఒకరోజు చెప్పింది. "గీ లెక్కన అమ్మితే ఏప్రిల్ల మమ్ముల ఎవ్వలు కదిలియ్యరన్నా. హారిక మూడో సాలు కూడ సదువుతది," అంది. నాకు కూడా నిజంగా సంతోషమైంది.

ఫిబ్రవరి ముగిసేసరికి చౌటుప్పల్ షోరూం అమ్మకాలు మూడింతలయ్యాయి. రాష్ట్రంలోనే మొదటి స్థానం. హైదరాబాద్‌లో ఏదో సభలో చైర్మన్ గారికి 'ప్రేరణా రత్న' బిరుదిచ్చారు. ఆ ఫ్లెక్సీ డిజైన్ కూడా నాదే. చెయ్యి పెద్దదిగా, చుట్టూ కిరణాలతో పెట్టాను.

శ్రవణ్‌కుమార్ మళ్లీ వచ్చాడు. విజయ రహస్యం శాస్త్రీయంగా తేల్చడానికి వచ్చానన్నాడు. ఉద్యోగులను ఏమీ అడగలేదు. అడిగితే వాళ్లు భౌతిక అవసరాల గురించి మాట్లాడతారని ఆయనకు అనుభవమే. రెండు నెలల సీసీ కెమెరా రికార్డును, కంప్యూటర్ బిల్లులను పక్కపక్కన పెట్టుకుని నా మడిగెలోనే కూర్చుని గ్రాఫు గీశాడు.

"వండర్‌ఫుల్!" అన్నాడు. "చూడండి. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా జీరో సేల్స్. సాయంత్రం చైర్మన్ గారి ఓటీపీ రాగానే అరగంటలో నలభై ఒక్క చీరలు! ప్రపంచంలో ఏ మాల్‌లో అయినా ఉందా ఇది?"

"లేదు సార్," అన్నాను.

"ఇంకో పాయింట్ గమనించారా? జనవరిలో ఉద్యోగులు రోజంతా కౌంటర్ దగ్గరే ఉన్నారు, అమ్మకాలు లేవు. ఫిబ్రవరిలో కౌంటర్లు ఖాళీ. అమ్మకాలు మూడింతలు!"

"వాళ్లు బస్టాపు కాడ..." అని మొదలుపెట్టాను.

"బస్టాప్ కెమెరా పరిధిలోకి రాదు," అన్నాడు ఆయన. అంతటితో ఆ విషయం ముగిసింది.

మార్చి ఇరవై ఎనిమిదిన షోరూం ముందు సన్మాన సభ పెట్టారు. ముందురోజు నవీన్‌కుమార్ పెన్‌డ్రైవ్ తెచ్చాడు. అందులో రెండు కాగితాలున్నాయి. మొదటిది బంగారు అంచుతో సర్టిఫికెట్, పైన చైర్మన్ గారి ఫోటో. 'గౌరవ చైర్మన్ గారి ప్రేరణతో అమ్మకాలను మూడింతలు చేసిన ఉత్తమ ఉద్యోగి శ్రీమతి రాజమణి గారికి.' రెండోది మామూలు తెల్ల కాగితం. 'శాస్త్రీయ అధ్యయనంలో ఉద్యోగులు కౌంటర్ వద్ద లేని దినములలోనే అమ్మకాలు అత్యధికముగా జరిగినట్లు రుజువైనందున, ఉద్యోగుల ఉనికి అమ్మకాలకు ఆటంకమని భావించి, శ్రీమతి రాజమణి గారి సేవలను మార్చి 31తో ముగించడమైనది. ఇకపై షోరూం గౌరవ చైర్మన్ గారి బోణీతో నేరుగా నడుచును.' వెంకన్నకు కూడా అట్లాంటిదే ఇంకొకటి, సర్టిఫికెట్ లేకుండా.

"రెండూ ఒకే కవర్ల వెట్టు. సార్‌కు టైం లేదు, ఒక్కసారే ఇస్తడు," అన్నాడు నవీన్‌కుమార్.

పెట్టాను. ఆ సాయంత్రం రాజమణి నా మడిగె ముందు నుంచే ఇంటికి వెళ్లింది. రేపు సభకు ధర్మయ్య నేసిన చీరే కట్టుకుంటానని చెప్పింది. చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. సంస్థ కాగితాలే నా గిరాకీలో సగం. నోరు మూసుకున్నాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

సభ బాగా జరిగింది. చైర్మన్ గారు గంటసేపు మాట్లాడారు. నిజమైన ఉద్యోగి తాను కనిపించకుండా పని మాత్రమే కనిపించేలా చేస్తాడని, చౌటుప్పల్ ఉద్యోగులు ఈ విషయంలో దేశానికే ఆదర్శమని అన్నారు. శాలువా కప్పి కవరు ఇచ్చారు. రాజమణి దాన్ని అందరి ముందూ విప్పలేదు. మొహమాటం. కూతురు హారిక ముందు వరసలో కూర్చుని ఫోన్‌లో వీడియో తీసింది.

సభ అయ్యాక రాజమణి నేరుగా నా దగ్గరికే వచ్చింది. "అన్నా, గిది ల్యామినేషన్ చెయ్యి, చెడిపోకుంట ఉంటది," అని కవరు చించింది. రెండు కాగితాలు బయటకొచ్చాయి. మొదటిది చదివి నవ్వింది. రెండోది చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. నేను మిషన్ స్విచ్ వేసి దాని వైపే చూస్తూ నిలబడ్డాను.

"గిది నువ్వే కొట్టినవా అన్నా?"

"నేనే చెల్లె."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కాగితాలు రెండింటినీ బల్ల మీద పెట్టి అంచులు సమానంగా సర్దింది, చీర మడత పెట్టినంత శ్రద్ధగా.

"రెంటినీ ఒక్కటే షీటుల వెట్టి చెయ్యి. ముంగటొకటి, ఎనుకొకటి. మందంది వెయ్యి," అంది.

నా దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే మందం షీటు తీశాను. పైసలు తీసుకోలేదు.

ఏప్రిల్ ఒకటి నుంచి షోరూం చైర్మన్ గారి బోణీతో నేరుగా నడుస్తోంది. ఓటీపీ చెప్పడం ఆయన ఒక్కరోజు కూడా తప్పలేదు. రాత్రి కాపలాకుండే పెద్దులు అనే వాచ్‌మన్ తలుపులు తెరిచి, ఓటీపీ కొట్టి, మళ్లీ మూస్తాడు. రోడ్డుకు అవతల బస్టాపులో రాజమణి, వెంకన్న కూర్చుంటున్నారు. ధర్మయ్య చీరలు, చుట్టుపక్కల మగ్గాల చీరలు అక్కడికే వస్తున్నాయి. షిఫ్టు బస్సులు ఎప్పటిలాగే రెండింటికి ఆగుతున్నాయి. బెంచీ పైన ఇనుప కమ్మీకి దారంతో ఒక ల్యామినేషన్ వేలాడుతోంది. హైవే గాలికి అది తిరుగుతూనే ఉంటుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఒక వైపు చదివి, రెండో వైపు తిరిగేదాకా ఆగి, అది కూడా చదివి, తర్వాత చీరలు చూస్తారు. కొందరు దాన్ని ఫోన్లలో ఫోటో తీసుకుంటున్నారు, రెండు వైపులా.

నాలుగో రోజు నవీన్‌కుమార్ రొప్పుతూ నా మడిగెకు వచ్చాడు.

"గది ల్యామినేషన్ చేసింది ఎవరు?"

"నేనే సార్."

"చింపుదామంటే చినుగుత లేదు!"

"కత్తెరతోని కోయకపోయిండ్రా సార్?"

"ఎట్ల కోస్తనయ్యా? దాని మీద సార్ ఫోటో ఉన్నది. బస్టాపుల అందరు నన్నే చూస్తున్నరు."

"మంచి షీటు సార్. వానల తడిసినా ఏం గాదు. పదేండ్లు గ్యారంటీ," అన్నాను. ఇన్నేళ్ల వ్యాపారంలో సంస్థ వాళ్లు వచ్చి నా పని గట్టితనం గురించి మాట్లాడటం అదే మొదటిసారి.